ఎండలో బుడగలు లెక్కపెట్టిన డాక్టర్

యాన్ ఇంగెన్‌హౌస్. ఈ పేరు మన సీఎస్ఈ బ్లాకులో ఎవరికైనా చెప్పి చూడండి, ఏదో జర్మన్ కార్ల కంపెనీ అనుకుంటారు. ఇంట్లో బైపీసీ చదివే చెల్లో తమ్ముడో ఉంటే మాత్రం వాళ్ళకి తెలుస్తుంది. బోటనీ పుస్తకంలో కిరణజన్య సంయోగక్రియ పాఠం మొదట్లో ప్రీస్ట్‌లీ, ఎలుక, పుదీనా కొమ్మ కథ అయిపోగానే ఈయన పేరు ఒకటి రెండు లైన్లలో వచ్చి వెళ్ళిపోతుంది. పరీక్షలో ఒక మార్కు. అంతే.

నేను ఎంపీసీ కాబట్టి ఆ ఒక్క మార్కు కూడా నాకు రాలేదు. ఆయన నాకు వేరే దారిలో పరిచయం అయ్యాడు. ఆ దారి నారపల్లిలో మా ఇంటి హాల్లో ఉన్న రెండడుగుల అక్వేరియం. దాని సంగతి మధ్యలో చెప్తాను. ముందు మనిషి సంగతి.

ఇంగెన్‌హౌస్ 1730 డిసెంబర్ 8న నెదర్లాండ్స్‌లోని బ్రెడా అనే ఊళ్ళో పుట్టాడు. వాళ్ళది కాథలిక్ కుటుంబం. దేశంలో పెత్తనం అంతా ప్రొటెస్టెంట్లది. అందుకే చదువు కోసం ఇప్పటి బెల్జియంలో ఉన్న లువెన్ యూనివర్సిటీకి వెళ్ళి, 1753లో అక్కడే డాక్టర్ పట్టా తీసుకున్నాడు. తర్వాత లైడెన్‌లో కూడా కొంత చదివి, సొంతూరికి వచ్చి ప్రాక్టీస్ పెట్టాడు. ఆయన చిన్నప్పుడు బ్రెడా దగ్గర ఇంగ్లిష్ సైన్యం దిగినప్పుడు జాన్ ప్రింగిల్ అనే సైనిక వైద్యుడు వీళ్ళ ఇంటికి దగ్గరయ్యాడు. ఆ పరిచయం చివరికి ఇంగెన్‌హౌస్ జీవితాన్నే తిప్పేసింది. తండ్రి పోయాక 1760ల మధ్యలో లండన్ వెళ్ళాడు. ప్రింగిల్ అక్కడి పెద్దవాళ్ళందరికీ పరిచయం చేశాడు. వాళ్ళలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఒకడు. ఆ స్నేహం చాలా ఏళ్ళు ఉత్తరాల్లో నడిచింది.

ఆ రోజుల్లో యూరప్‌ని వణికించిన జబ్బు మశూచి. మన వైపు పెద్దవాళ్ళు దాన్ని జబ్బు అని కూడా అనరు, అమ్మవారు పోసింది అంటారు. టీకా ఇంకా రాలేదు. ఉన్న ఒకే ఉపాయం ఏంటంటే, మశూచి తేలికగా వచ్చిన మనిషి పొక్కులోంచి కొంచెం రసి తీసి, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ చర్మం మీద చిన్న గాటు పెట్టి అందులోకి ఎక్కించడం. జబ్బు తేలికగా వచ్చి పోతుంది, తర్వాత జీవితంలో మళ్ళీ రాదు. కానీ ఇది వైరస్‌ని బతికున్నది బతికున్నట్టే ఎక్కించడం. కొద్దిమంది చనిపోయేవాళ్ళు కూడా. ఆసియాలో, మన దేశంలో కూడా ఈ పద్ధతి అప్పటికే ఉంది. ఇంగ్లండ్‌లో ఇంగెన్‌హౌస్ దీంట్లో చేయి తిరిగినవాడయ్యాడు. 1768లో హర్ట్‌ఫర్డ్‌షైర్ పల్లెల్లో వందల మందికి ఇలా వేశాడు.

అదే ఏడాది వియన్నా నుంచి పిలుపొచ్చింది. మహారాణి మరియా థెరీసాకి పదహారు మంది పిల్లలు. అందులో కొందరిని మశూచి తీసుకుపోయింది. 1767లో ఆమెకే వచ్చి చావు అంచు దాకా వెళ్ళి బతికింది. మిగిలిన వాళ్ళనైనా కాపాడుకోవాలని ఇంగ్లండ్ రాజుని ఒక డాక్టర్ కావాలని అడిగితే, ప్రింగిల్ ఈయన పేరు చెప్పాడు. ఒక్కసారి ఆలోచించండి. రాజకుమారుల చేతికి గాటు పెట్టి, అందులోకి మశూచి ఎక్కించాలి. వాళ్ళలో ఒక్కరు పోయినా ఇక ఆయన ఏ ఊళ్ళోనూ డాక్టర్‌గా ఉండలేడు. ముందు వియన్నాలో పేద పిల్లల మీద వేసి చూపించాకే రాజకుటుంబానికి వేశారు. ఈ వాక్యం చదివినప్పుడు నాకు కొంచెం ఇబ్బందిగానే అనిపించింది. టెస్ట్ ఎన్విరాన్‌మెంట్‌గా ఎప్పుడూ పేదవాళ్ళే దొరుకుతారు. అందరూ బాగానే కోలుకున్నారు. మహారాణి ఆయన్ని ఆస్థాన వైద్యుడిని చేసి, ఏడాదికి 5,000 గుల్డెన్ల చొప్పున జీవితాంతం జీతం ఇచ్చింది.

ఇక్కడితో చాలామంది కథ అయిపోతుంది. ముప్పై ఎనిమిదేళ్ళకే సెటిల్. ప్యాలెస్‌లో ఉద్యోగం, లైఫ్‌లాంగ్ ప్యాకేజీ. ఆయన మాత్రం ఆ డబ్బుని, తీరికని ప్రయోగాలకి వాడుకున్నాడు. విద్యుత్తు, వేడి, గాలి, ఏది దొరికితే అది. వేర్వేరు లోహాల కడ్డీలకి మైనం పూసి, ఒక చివర వేడి చేసి, దేని మీద మైనం ముందు కరుగుతుందో చూసే ప్రయోగం ఉంది కదా, దానికీ ఈయన పేరే. 1775లో ఆగథా మరియాని పెళ్ళి చేసుకున్నాడు. ఆమె అన్న నికోలాస్ జాక్విన్ వియన్నాలో పేరున్న వృక్షశాస్త్రవేత్త. మొక్కల మాట ఇంట్లో తరచుగా వినపడి ఉంటుంది.

ఇప్పుడు ప్రీస్ట్‌లీ దగ్గరికి వద్దాం. జోసెఫ్ ప్రీస్ట్‌లీ ఇంగ్లండ్‌లో చర్చి బోధకుడు, మంచి ప్రయోగశీలి. 1771లో ఆయన మూసిన గాజు పాత్రలో కొవ్వొత్తి ఆరిపోయేదాకా వెలిగించి, పాడైన ఆ గాలిలో పుదీనా కొమ్మ పెట్టాడు. కొన్ని రోజులకి ఆ గాలి మళ్ళీ బాగుపడింది. కొవ్వొత్తి వెలిగింది, ఎలుక బతికింది. యూరప్ అంతా పొంగిపోయింది. 1773లో ప్రీస్ట్‌లీకి రాయల్ సొసైటీ మెడల్ ఇస్తూ ప్రింగిల్ చేసిన ప్రసంగం ఇంగెన్‌హౌస్ మనసులో పడింది.

కానీ ఒక చిక్కొచ్చింది. అదే ప్రయోగం మళ్ళీ చేస్తే ఒక్కోసారి పనిచేసేది, ఒక్కోసారి చేసేది కాదు. స్వీడన్‌లో షీలే చేస్తే మొక్కలు గాలిని బాగుచెయ్యడం కాదు, ఇంకా పాడుచేశాయి. ప్రీస్ట్‌లీకే తర్వాత ఫలితాలు అటూ ఇటూ వచ్చాయి. మన భాషలో చెప్పాలంటే ఇది ఫ్లేకీ టెస్ట్. కోడ్ మారలేదు, ఇన్‌పుట్ మారలేదు, ఒకసారి పాస్ ఒకసారి ఫెయిల్. అలాంటప్పుడు మనకి తెలిసిన విషయం ఒకటే. మనం గమనించని వేరియబుల్ ఏదో మారుతోంది.

1779 వేసవిలో ఇంగెన్‌హౌస్ లండన్ దగ్గర సౌతాల్ గ్రీన్ అనే పల్లెలో ఒక ఇల్లు అద్దెకి తీసుకున్నాడు. అప్పటికి ఆయనకి నలభై ఎనిమిదేళ్ళు. మూడు నెలలు కూడా నిండకుండా 500కి పైగా ప్రయోగాలు చేశాడు. అంటే రోజుకి ఐదారు. పద్ధతి చాలా సింపుల్. గాజు జాడీ నిండా నీళ్ళు పోసి, అందులో ఆకులు ముంచి, జాడీని నీళ్ళ తొట్టెలో బోర్లించి ఎండలో పెట్టేవాడు. కాసేపటికి ఆకుల మీద చిన్న చిన్న బుడగలు పుట్టి, పైకి లేచి, జాడీ పైభాగంలో గాలిగా చేరేవి. ఆ గాలి ఎంత మంచిదో కొలవడానికి యూడియోమీటర్ అనే గాజు పరికరం వాడేవాడు.

గాలిలో కాకుండా నీళ్ళలో చెయ్యడమే ఇందులో అసలు తెలివి. గాలిలో ఆకు ఏం వదులుతుందో కంటికి కనపడదు. నీళ్ళలో అదే పని బుడగ రూపంలో కనపడుతుంది. కొవ్వొత్తి కోసం రోజుల తరబడి ఆగక్కర్లేదు, కొన్ని గంటల్లో జవాబు వస్తుంది. మనం కోడ్‌లో ప్రింట్ స్టేట్‌మెంట్ పెట్టుకుంటాం చూడండి, ఆ బుడగ అలాంటిది.

ఆయన ఒక్కో వేరియబుల్ మార్చుకుంటూ పోయాడు. ఎండలో పెడితే బుడగలు బాగా వచ్చాయి. నీడలో తగ్గాయి. చీకట్లో ఆగిపోయాయి, పైగా ఆకు గాలిని పాడుచెయ్యడం మొదలుపెట్టింది. మరి ఎండ అంటే వెలుతురా, వేడా? ఇది చాలా పెద్ద ప్రశ్న. దానికి ఆకుల్ని చీకట్లోనే నిప్పు దగ్గర వెచ్చగా ఉంచి చూశాడు. మంచి గాలి రాలేదు. అంటే పని చేసేది వెలుతురే, వేడి కాదు. తర్వాత మొక్కలో ఏ భాగం? ఆకులు, పచ్చటి కాడలు మాత్రమే. వేర్లు, పూలు, కాయలు పగలు కూడా గాలిని పాడుచేసేవే. పొద్దున్న ఎండ ఎక్కేకొద్దీ పని పెరిగి, సాయంత్రానికి తగ్గిపోతుంది. ఎత్తయిన ఇళ్ళ నీడ పడే మొక్క, వేరే చెట్టు నీడ పడే మొక్క తక్కువ పనిచేస్తాయి.

షీలే, ప్రీస్ట్‌లీల గందరగోళం ఒక్క దెబ్బతో విడిపోయింది. గమనించని ఆ వేరియబుల్ వెలుతురు. అదే ఏడాది ఇంగెన్‌హౌస్ ఇదంతా పుస్తకంగా వేశాడు. స్కూల్లో హైడ్రిల్లా కొమ్మ మీద గరాటు బోర్లించి, దాని మీద టెస్ట్‌ట్యూబ్ పెట్టి ఎండలో ఉంచే ప్రయోగం మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అది సౌతాల్ గ్రీన్ జాడీకి మునిమనవరాలే.

ఇప్పుడు మా అక్వేరియం. రెండేళ్ళ కిందట మా చెల్లి పట్టుబట్టి మొక్కల ట్యాంక్ పెట్టించింది. వాలిస్నేరియా, జావా మాస్, అనూబియాస్, పది నియాన్ టెట్రాలు. ట్యాంక్ అమ్మినాయన మొక్కలు బాగా పెరగాలంటే లైట్ రోజుకి పన్నెండు గంటలు వెలగాలని చెప్పి పంపాడు. దానికి తోడు మా హాల్ కిటికీ తూర్పు వైపు, వరంగల్ హైవే మీంచి వచ్చే పొద్దుటి ఎండంతా నేరుగా ట్యాంక్ మీదే. నెలకి అద్దాల మీద పచ్చగా పాచి, అనూబియాస్ ఆకుల అంచుల్లో వెంట్రుకల్లాంటి నాచు. ఇంకో రెండు వారాలకి నీళ్ళే పచ్చగా అయిపోయి చేపలు కనపడకుండా పోయాయి. చెరువు వాసన ఇంట్లో ఎందుకని నాన్న ట్యాంక్ ఎవరికైనా ఇచ్చెయ్యమన్నారు. చెల్లి ఏడుపు ఒక్కటే తక్కువ.

ఆ వారమే దానికి బోటనీలో ఈ పాఠం వచ్చింది. ఇంగెన్‌హౌస్ పేరు మొదటిసారి మా ఇంట్లో వినపడింది అప్పుడే. చెల్లి ఒక నోట్‌బుక్ తీసి ఆయన లాగే ఒకసారికి ఒకటే మార్చడం మొదలుపెట్టింది. ముందు కిటికీకి పరదా. వారం చూసింది. తర్వాత లైట్‌కి టైమర్ పెట్టి ఆరు గంటలు. వారం చూసింది. తర్వాత చేపల మేత సగం. నీళ్ళు వారానికి మూడో వంతు మార్చడం. తొందరగా పెరిగే హైడ్రిల్లా నాలుగు కట్టలు ఎక్కువ వెయ్యడం. నా పని టైమర్, అది వేరే చెప్పాలా.

వెనకున్న లాజిక్ ఇదీ. మొక్కకి వెలుతురు ఒక్కటే చాలదు. కార్బన్ డయాక్సైడ్ కావాలి, నైట్రోజన్, ఫాస్ఫరస్, పొటాషియం, ఇనుము కావాలి. వీటిలో ఏది తక్కువుంటే పెరుగుదల అక్కడే ఆగుతుంది, అచ్చం బాటిల్‌నెక్ లాగా. మామూలు ట్యాంక్‌లో కార్బన్ డయాక్సైడ్ చాలా తక్కువ. లైట్ పెంచితే మొక్క కొంతవరకే వాడుకుంటుంది. మిగిలిన వెలుతురు, చేపల మేత వల్ల చేరిన ఎరువు పాచికి దొరుకుతాయి. పాచికి వేరు, కాడ, ఆకు కట్టుకునే ఖర్చు లేదు. కొంచెం దొరికినా పెరిగిపోతుంది. అందుకే కొత్త ట్యాంక్‌కి ఆరు గంటలతో మొదలుపెట్టి, మొక్కలు కుదురుకున్నాక ఎనిమిది దాకా వెళ్ళమంటారు అనుభవం ఉన్నవాళ్ళు. పాచిని మందు పోసి చంపడం కంటే దానికి మిగలకుండా చెయ్యడమే దారి. రెండు నెలలు పట్టింది కానీ ట్యాంక్ నిలబడింది. ఇప్పుడు మధ్యాహ్నం పూట హైడ్రిల్లా ఆకుల మీద ముత్యాల్లా బుడగలు వస్తాయి. నాన్న కుర్చీ వేసుకుని చూస్తారు.

ఈ పచ్చటి పాచికి ఇంగెన్‌హౌస్ కథలో కూడా పెద్ద పాత్ర ఉంది. 1770ల చివర్లో ప్రీస్ట్‌లీ తన గాజు పాత్రల్లో నీళ్ళు కొన్నాళ్ళు ఎండలో ఉంటే గోడలకి ఏదో పచ్చటి పదార్థం పట్టడం, దాన్నుంచి మంచి గాలి రావడం చూశాడు. అది మొక్క అని మొదట ఆయన అనుకోలేదు. దానికి పచ్చ పదార్థం అనే పేరే పెట్టి వదిలేశాడు. ఆక్సిజన్ కనిపెట్టిన మనిషి ముందే పాచి ఆక్సిజన్ వదులుతోంది, అదేంటో ఆయనకి తెలియలేదు. ఇంగెన్‌హౌస్ దాన్ని మైక్రోస్కోప్ కింద పెట్టి చూశాడు. కదిలే పచ్చ నలకలు కనపడ్డాయి. అవి చిన్న చిన్న జీవులనే వైపు మొగ్గాడు. ఈ రోజు మనకి తెలిసిందేంటంటే, ఆల్గేలో చాలా రకాలకి తోకల్లాంటివి ఉండి నీళ్ళలో ఈదుతాయి. కాబట్టి ఆయన చూసింది నిజమే, పెట్టిన పేరే తప్పు.

ఆ తర్వాత మొదలైంది గొడవ. వెలుతురు సంగతి నేనూ అప్పటికే చూశానని ప్రీస్ట్‌లీ వైపు నుంచి మాట. 1782లో జెనీవా నుంచి జాన్ సెనెబియె, నీళ్ళలో కరిగిన కార్బన్ డయాక్సైడ్ ఉంటేనే ఆకు బుడగలు వదులుతుందని చూపించాడు. ఇది నిజంగా పెద్ద ముందడుగు. కానీ ఇంగెన్‌హౌస్ దాన్ని మెచ్చుకోవడం కంటే ముందు చెప్పింది నేనంటే నేనని వాదించడానికే ఎక్కువ శక్తి పెట్టాడు. తర్వాతి పుస్తకాల్లో పేజీలకి పేజీలు ఈ తగాదాయే. గిట్‌హబ్‌లో కమిట్ హిస్టరీ ఉన్న కాలంలో మనకి ఇది నవ్వులాటగా ఉండొచ్చు. మినీ ప్రాజెక్ట్ రివ్యూలో ఎవరి పేరు ముందుండాలని మన టీముల్లో జరిగే యుద్ధాలు గుర్తు తెచ్చుకుంటే మాత్రం నవ్వు రాదు.

ఆయన అన్నిట్లోనూ ఒప్పు కాదు. మొక్కలు రాత్రి గాలిని పాడుచేస్తాయన్న మాటని మరీ భయంగా చెప్పాడు. రాత్రి చింతచెట్టు కింద పడుకోవద్దని మన పెద్దవాళ్ళు అంటే దయ్యం సంగతి. పడకగదిలో మొక్కలు వద్దని యూరప్‌వాళ్ళు అన్నది ఈ గాలి లెక్కతో. నిజానికి ఒక కుండీ మొక్క రాత్రి వదిలే కార్బన్ డయాక్సైడ్ పక్కన పడుకున్న మనిషి వదిలేదాని ముందు చాలా తక్కువ. కానీ నీళ్ళలో మాత్రం ఆ రాత్రి లెక్క చాలా సీరియస్. మురుగు కలిసి పచ్చబడ్డ చెరువులో పాచి పగలంతా ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రంతా అదే పాచి ఆక్సిజన్ తాగేస్తుంది. తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువ ఉంటుంది. మన హైదరాబాద్ చెరువుల్లో పొద్దున్నే చేపలు తేలాయని పేపర్లో వార్త చూస్తే, విషమేదో కలిపారనే మన మనసుకి ముందు తోస్తుంది. చాలాసార్లు కారణం ఈ పగలు రాత్రి లెక్కే. గుర్రపుడెక్క కప్పేసిన చెరువైతే ఇంకో రకం. పైన అంతా పచ్చగా ఉంటుంది, కింద నీళ్ళకి వెలుతురే అందదు, ఆక్సిజన్ పుట్టదు. ఉప్పల్ వైపు బస్సులో వెళ్తూ చెరువు చూసినప్పుడల్లా ఇప్పుడు నాకు పచ్చదనం అందంగా కనపడటం మానేసి, తెల్లవారుజాము నాలుగింటికి కింద ఎలా ఉంటుందో అనిపిస్తుంది.

1780ల మధ్యలో ఆయన ఇంకో రెండు పనులు చేశాడు. ఆల్కహాల్ మీద బొగ్గు పొడి చల్లి మైక్రోస్కోప్‌లో చూస్తే నలకలు వాటంతట అవే అటూ ఇటూ కదులుతున్నాయని రాశాడు. రాబర్ట్ బ్రౌన్ 1827లో చూసినదానికి ఇది నలభై ఏళ్ళ ముందు మాట. నీటి బొట్టు ఆరిపోకుండా దాని మీద పల్చటి గాజు ముక్క వెయ్యొచ్చని కూడా సూచించాడు. ల్యాబ్‌లో కవర్‌స్లిప్ వేసే ప్రతి స్టూడెంట్ తెలియకుండానే ఆయన్ని తలుచుకున్నట్టే.

చివరి పదేళ్ళు అంత బాగా గడవలేదు. 1788లో వియన్నా వదిలి ప్రయాణం బయల్దేరాడు. 1789లో పారిస్‌లో ఉండగానే విప్లవం మొదలైంది. అక్కడి నుంచి నెదర్లాండ్స్, అక్కడి నుంచి ఇంగ్లండ్. యుద్ధాల వల్ల, అనారోగ్యం వల్ల మళ్ళీ వియన్నా వెళ్ళలేకపోయాడు. భార్య అక్కడే ఉండిపోయింది. పిల్లలు లేరు. 1798లో ఎడ్వర్డ్ జెన్నర్ ఆవు మశూచితో టీకా ప్రకటించినప్పుడు దాన్ని నమ్మలేదు, అభ్యంతరాలు రాసి పంపాడు. జీవితమంతా పాత పద్ధతిలో ప్రాణాలు కాపాడిన మనిషి, దానికంటే మంచిది కళ్ళ ముందుకి వచ్చినప్పుడు గుర్తుపట్టలేకపోయాడు. ఆయన కథలో నన్ను ఎక్కువ ఆపింది ఈ చోటే. ప్రీస్ట్‌లీ ప్రయోగంలో అందరూ వదిలేసిన వేరియబుల్‌ని పట్టుకున్న కన్ను, తన సొంత పనిలో కొత్తది వచ్చేసరికి పాతదాని వైపే చూసింది.

1799 సెప్టెంబర్ 7న, విల్ట్‌షైర్‌లోని బోవుడ్ హౌస్‌లో ఆయన చనిపోయాడు. దగ్గర్లోని కాల్న్ ఊళ్ళో సమాధి చేశారు. బోవుడ్ లాన్స్‌డౌన్ ప్రభువు బంగళా. అంతకు పాతికేళ్ళ ముందు, 1774 ఆగస్ట్ 1న, అదే బంగళాలోని ల్యాబ్‌లో, అదే ప్రభువు దగ్గర ఉద్యోగం చేస్తూ, ప్రీస్ట్‌లీ పాదరసపు ఎర్ర భస్మాన్ని భూతద్దంతో వేడిచేసి ఆక్సిజన్ పట్టుకున్నాడు. ఇంగెన్‌హౌస్ పోయేనాటికి ప్రీస్ట్‌లీ కూడా ఇంగ్లండ్‌లో లేడు. 1791లో అల్లరిమూక ఆయన ఇంటిని, ల్యాబ్‌ని తగలబెట్టాక అమెరికా వెళ్ళిపోయాడు. ఎవరు ముందు అని అన్నేళ్ళు వాదించుకున్న ఇద్దరిలో ఒకరు సముద్రం అవతల, ఇంకొకరు మొదటివాడి ల్యాబ్ ఉన్న ఇంట్లో కన్నుమూశారు. ఆ గాలి పేరు ఒకరి ఖాతాలో పడింది, ఆ గాలిని ఆకు చేత చేయించే వెలుతురు ఇంకొకరి ఖాతాలో. బోటనీ పుస్తకంలో ఇద్దరూ పక్కపక్కనే ఉన్నారు, ఒకే పేజీలో.